నిమ్మచెక్క వకీలమ్మ

స్కానింగు గది పక్కన బల్ల మీద నిమ్మకాయలు కోస్తుంటే పాతబస్తీలోని జహనుమా నుంచి ఫోను వచ్చింది.

"వకీలక్క పోయింది చెల్లే," అంది అవతలామె. ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత ఆమె ముక్కు చీది అసలు సంగతి చెప్పింది. శుక్రవారం మధ్యాహ్నం నయాపూల్ దగ్గర కోర్టులో వకీళ్లంతా కలిసి సంతాప సభ పెడుతున్నారట. మాట్లాడబోయేది పెద్ద వకీలట.

"ఎవరు, ఆయనా?"

"ఆయనే. నా దగ్గర్నే పని నేర్చుకున్నది, సొంత బిడ్డలెక్క చూసుకున్న అని అందరికి చెప్పుకుంట తిరుగుతున్నడు."

నా ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పోయినవాళ్లు లేచొచ్చి కాదనలేరన్న ధైర్యంతో మాట్లాడేవాళ్లని చూస్తే నాకు మొదట్నుంచీ ఒళ్లు మంట. అందులోనూ ఈయన, అందులోనూ ఆమె గురించి. శుక్రవారం నాకు సెలవు కావాలని మా డాక్టరుగారిని అప్పటికప్పుడే అడిగేశాను.

మాది బందరు వైపు. నాన్న ప్రభుత్వ ఉద్యోగం వల్ల చిన్నప్పుడే పాతబస్తీకి వచ్చిపడ్డాం. ఇప్పుడు నేను ఒక స్కానింగు సెంటర్లో టెక్నీషియన్ని. మా దగ్గర చేసే పరీక్షల్లో ఒకటుంది. గొంతుకో నాలుకకో క్యాన్సరొచ్చి రేడియేషన్ చేయించుకున్నవాళ్లకి జబ్బు నయమైనా నోరు ఎండిపోతుంది. ఆ కిరణాల తాకిడికి లాలాజల గ్రంథులు ఎంత దెబ్బతిన్నాయో చూడాలి. చేతి నరంలోకి కాస్త మందు ఎక్కిస్తాం. అది రక్తంతో పాటు తిరిగి ఆ గ్రంథుల్లో చేరుతుంది. మనిషిని పడుకోబెట్టి మొహం మీదికి కెమెరా దించితే, పనిచేసే గ్రంథి తెర మీద వెలుగుతుంది. సగంలో నిమ్మరసం తాగిస్తాం. బతికున్న గ్రంథి ఆ పులుపుకి తన దగ్గరున్నదంతా నోట్లోకి వదిలేస్తుంది, తెర మీద గీత కిందికి దిగుతుంది. చచ్చిన గ్రంథికి నిమ్మరసమైనా ఒకటే, మంచినీళ్లైనా ఒకటే. అందుకే మా సెంటర్లో సూదులు, సిరంజిలతో పాటు నిమ్మకాయలు కూడా తప్పకుండా ఉంటాయి.

ఆవిడ మా దగ్గరికి వచ్చిన రోజున మండే ఎండ. నల్లకోటు చేతి మీద వేసుకుని కోర్టు నుంచి నడిచే వచ్చింది. చేతిలో మూతున్న చిన్న ఇత్తడి చెంబు. ఏదన్నా మాట్లాడే ముందు ఆవిడ నోట్లోంచి 'టక్' మని ఒక చప్పుడు వచ్చేది. అంగిలికి అంటుకున్న నాలుక ఊడి వచ్చే చప్పుడు అది. తలుపు గొళ్లెం తీసినట్టు ముందు ఆ టక్, తర్వాత మాట.

సంతకం పెట్టమని కాగితం ఇస్తే ప్రతి లైనూ చదివింది. "'అవసరమైతే' అని రాసిన్రు. ఎవలి అవసరం బిడ్డా, నాదా, మీదా?" అని నిలదీసింది. నేను కంగారుగా కాగితం నా వైపు తిప్పుకున్నాను. "నవ్వేటందుకు అడిగిన, పరేషాన్ కాకు," అని సంతకం పెట్టింది.

పరీక్ష ఎందుకని అడిగితే ఆవిడ చెప్పిన జవాబు ఇది.

"నోరు ఎండుతున్నదంటే నీళ్లు తాగమన్నరు. తాగుతనే ఉన్న అంటే మనసు మంచిగ పెట్టుకోమన్నరు. మనసు మంచిగనే ఉన్నది, నాలుకనే కదుల్తలేదు. ఇంట్లో అట్లనే అన్నరు, కోర్టుల అట్లనే అన్నరు. అంత ఫికర్ చేయకు, అంత నీ మనసులనే ఉన్నది అని. నాకు ఫోటో కావాలె. ఫోటో ఉంటే ఎవడు లేదనడు."

తల కదలకుండా పట్టీ కట్టి కెమెరా దించాను. సగంలో నిమ్మకాయ కోసి, పిండి, గొట్టం ఆవిడ పెదాల మధ్య పెట్టాను. ఆవిడ పీలుస్తూ కళ్లు మాత్రం నా వైపు తిప్పింది. అయిపోయాక పట్టీ విప్పుతుంటే ఆవిడ నాలుక టక్ మంది.

"ఏంది బిడ్డా, నిమ్మరసం నాకు, గుటకలు నీకా?"

నిజమే. నేను ఎన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా, నిమ్మకాయ కత్తి కింద పడితే చాలు, నా నోట్లో చెరువు. ఎదుటివాళ్లు జుర్రుతుంటే ఇంకా ఎక్కువ. "రోజూ ఇంతే మేడం, ఆపుకుందామన్నా ఆగదు," అన్నాను సిగ్గుపడుతూ.

"ఎంత ఆపుకున్నా ఆగదా?"

"ఆగదు మేడం. ఎవరికైనా అంతే."

 ఆవిడ పైకప్పుకేసి చూస్తూ ఏదో లెక్కేసుకుంటున్నట్టు కాసేపు అట్లాగే పడుకుంది.

మా డాక్టరుగారు ఆవిడని పిలిచి తెర చూపించారు. కుడి చెవి ముందున్న గ్రంథి పోయింది. దవడ కింద రెండూ పోయాయి. ఎడమ చెవి ముందున్నది మాత్రం మసకగా వెలుగుతోంది, నిమ్మరసం పడగానే దాని గీత కాస్త దిగింది కూడా. పులుపు తగిలిస్తుంటే అది కొంత పనిచేస్తుందని ఆయన చెప్పారు.

ఆవిడ ఆ మసక వెలుగుకేసి చాలాసేపు చూసింది. "అందరు సచ్చిన్రు. ఒక్క సాక్షి మిగిలిండు," అంది. "చాలు. ఎదురు తిరగకుంటే చాలు."

ఆ రోజు నుంచి ఆవిడ నాకు వకీలమ్మ. మేడం నుంచి అక్కలోకి ఎప్పుడు దిగానో నాకే గుర్తులేదు. కోర్టు లేని సాయంత్రాలు మా సెంటరు పక్క ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్లం. ఉస్మానియా బిస్కట్టుని చాయ్‌లో ముంచి, అది నానిపోయి అడుక్కి జారిపోయే దాకా ఆగేది. తర్వాత చెంచాతో తీసి తింటూ, "నంజుకునేదాన్ని తాగుతున్న," అని తిట్టుకునేది. పొడిగా ఉండేదేదీ గొంతు దిగేది కాదు. బిర్యానీ తినాలనిపిస్తే పళ్లెం నిండా పప్పుచారులాంటి దాల్చా పోయించుకుని, "ఇది బిర్యానీ కాదు, వరదల కొట్టుకపోతున్న బాస్మతి," అనేది. సర్వర్ భాయ్‌కి అలవాటైపోయి, అడక్కుండానే రెండో గిన్నె దాల్చా తెచ్చిపెట్టేవాడు.

ఆవిడ ఎవరినీ క్షమించేది కాదు. చిన్నప్పుడు చెవి మెలేసిన సైన్సు టీచరు దగ్గర్నుంచి, మొన్న ఆటోలో మీటరు వెయ్యనన్నవాడి దాకా అందరూ ఆవిడ మనసులో వరుసగా నిలబడి ఉండేవాళ్లు. "మాఫ్ చేసుడు దేవుని డ్యూటీ. ఆయన డ్యూటీ నేనెందుకు చేయాలె?" అనేది. నాకు ఆవిడ నచ్చింది అక్కడే. క్షమించెయ్, వదిలెయ్ అని మనకి నీతులు చెప్పేవాళ్లలో సగంమంది, ఎవరికో ఒకరికి అన్యాయం చేసి ఆ క్షమాపణ కోసం ఎదురుచూస్తున్నవాళ్లేనని నా గట్టి అనుమానం.

ఆ వరుసలో మొట్టమొదట నిలబడ్డ మనిషి పెద్ద వకీలు.

ఆవిడ లా చదివి బయటికొచ్చాక ఆయన దగ్గరే జూనియరు. ఆయన గొప్ప మాటకారి. ఒక్క ప్రశ్న అడిగితే రాజుల కాలం నుంచి మొదలుపెట్టేవాడట. విన్నవాళ్లు అడిగిన ప్రశ్న మర్చిపోయి తల ఊపేవాళ్లట. ఆయన దగ్గర ఎన్నో ఏళ్లు చాకిరీ చేసి, తర్వాత సొంతంగా బోర్డు పెట్టుకుంది. కేసులు బాగానే వచ్చాయి. అంతలో గొంతులో గడ్డ. ఆవిడ రేడియేషన్ కోసం రోజూ ఆసుపత్రికి తిరుగుతున్న రోజుల్లో, ఈ పెద్దమనిషి ఆవిడ క్లయింట్లని ఒక్కొక్కరినే పిలిచి, "పాపం, ఆమె నోరు ఖతం. ఇగ వాదించుడు కష్టం. ఫైలు నా దగ్గర పెట్టుండ్రి," అన్నాడు. ఫైళ్లన్నీ నడిచి ఆయన బల్ల మీదికి వెళ్లిపోయాయి. నోరు పోయిన వకీలు దగ్గర ఎవరుంటారు?

జబ్బు నయమై ఆవిడ కోర్టుకి తిరిగి వచ్చిన మొదటి రోజు, వకీళ్ల హాల్లో అందరి ముందూ ఆయన్ని నిలదీద్దామని నోరు తెరిచింది. నాలుక అంటుకుపోయింది. మాట రాలేదు. ఆయన తన ముందున్న నీళ్ల గ్లాసు ఆవిడ వైపు జరిపి, "ముందు నోరు తడుపుకో బిడ్డా, తర్వాత మాట్లాడుదువు," అన్నాడు. హాలంతా నవ్వింది.

"మరేం చేశావక్కా?" అని అడిగాను.

"తాగిన. తాగకుంటే మాట రాదు కద. ఆయన ఇచ్చిన నీళ్లే తాగిన. తాగినంక ఏం మాట్లాడాల్నో యాదికి రాలే." చెంబు మూత తీసి ఒక గుక్క తాగింది. "ఆ గుక్క ఇంక ఈడనే ఉన్నది," అని గుండె మీద వేలు పెట్టి చూపించింది.

ఆవిడని వదలకుండా మిగిలింది ఒక్క క్లయింటే. నాకు ఫోను చేసిన జహనుమా ఆవిడ. ఆమె భర్త బేగంబజార్లో ఇత్తడి సామాన్ల దుకాణం నడిపేవాడు. ఆయన పోయాక మరిది ఒక వీలునామా తెచ్చాడు. జహనుమాలో ఆమె ఉంటున్న ఇల్లు అన్న తనకే రాసిచ్చాడని. ఇల్లు పోతే ఆమెకి తల దాచుకునే చోటు లేదు. పెద్ద వకీలు ఆమెకి కూడా కబురు పంపాడట, ఆ వకీలమ్మ నోరు పోయింది, రాజీకి రమ్మని. ఆమె ఒప్పుకోలేదు. "నువ్వు మాట్లాడకున్నా మంచిదే అక్కా, నా పక్కన నిలబడు చాలు," అందట. వకీలమ్మ చేతిలో ఉండే ఇత్తడి చెంబు ఆమె దుకాణంలోదే.

పెద్ద వకీలు రాజీకి అంత తొందరపడటానికి కారణం ఉంది. ఆ వీలునామా మీద, తన కళ్ల ముందే సంతకం జరిగిందని సాక్షి సంతకం పెట్టింది ఆయనే. కేసు నడిస్తే ఆయన బోనెక్కి చెప్పాలి. చెప్పాక, వకీలమ్మ అడిగే ప్రశ్నలకి జవాబివ్వాలి. ఎప్పటికన్నా ఆయన తన ముందు బోనులో నిలబడతాడని ఆవిడ కలలో కూడా అనుకోలేదట. "దేవుడు గిట్ల పళ్లెంల పెట్టి ఇస్తడని నాకేం తెలుసు," అంది కళ్లు మెరుస్తుంటే.

ఆయన మాత్రం నిశ్చింతగానే ఉన్నాడు. కాసేపు ఓపిక పట్టి పొడుగ్గా జవాబులు చెప్తే చాలు, ఆమె నోరే ఎండి ఆగిపోతది అని కోర్టు వరండాల్లో అందరికీ చెప్పాడట.

వాయిదా రోజు వకీలమ్మ నన్ను రమ్మంది. "నీ ఫోటో కోర్టుల ఎట్ల పని చేస్తదో చూద్దువు, రా." సెలవు పెట్టి వెళ్లి, జహనుమా ఆవిడ పక్కన వెనక బెంచీ మీద కూర్చున్నాను.

పెద్ద వకీలు బోనులోకి నవ్వుకుంటూ ఎక్కాడు. తెల్లటి జుట్టు, మెరిసే బూట్లు. జడ్జిగారికి ఒక నమస్కారం, హాలుకి ఒక నమస్కారం. వకీలమ్మ లేచి నిలబడి, టక్ మని నాలుక ఊడదీసుకుని, ముందుగా ఒక మనవి చేసుకుంది. తనకి రేడియేషన్ అయిందనీ, లాలాజల గ్రంథుల్లో ఒక్కటే మిగిలిందనీ, పులుపు తగిలితేనే అది పనిచేస్తుందనీ, అందుకని సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తున్నంతసేపు నిమ్మచెక్క నోట్లో పెట్టుకోవడానికి అనుమతి కావాలనీ అడిగింది. మా స్కాను పైకి అందించింది. కోర్టులో ఏదీ తినకూడదు కదా.

జడ్జిగారు స్కాను చూసి, అవతలి పక్కకి చూశారు. మరిది తరఫు వకీలు లేవబోయాడు. అంతకన్నా ముందే బోనులోంచి పెద్దాయన చెయ్యెత్తాడు. మొహం నిండా జాలి.

"ఇయ్యుండ్రి సార్, పాపం. మా దగ్గర పని చేసిన పిల్లనే. నాకైతే ఏ అభ్యంతరం లేదు. నిమ్మకాయ కాకుంటే చింతకాయ తిననీయుండ్రి."

హాలు నవ్వింది. జడ్జిగారు సాక్షికి అభ్యంతరం లేదన్న ముక్క టైపిస్టుకి చెప్పి రాయించారు. వకీలమ్మ వినయంగా, "థాంక్యూ సార్," అంది.

అప్పుడు స్టీలు డబ్బా తీసింది. కోర్టు గేటు దగ్గర సోడా బండి వాడి దగ్గర కొన్న కాయలు, మంచి రసమున్నవి. బోనుకి దగ్గరగా వెళ్లి, ఆయన కళ్లకి ఎదురుగా, ఒక చెక్క తీసి మెల్లగా నొక్కింది. రసం వేళ్ల మీదికి కారింది. వాసన నా బెంచీ దాకా వచ్చింది. చెక్కని ఎడమ బుగ్గలో పెట్టుకుని ఒక్కసారి జుర్రింది. ఆ చప్పుడుకి నేను గుటక వేశాను. నా పక్కన జహనుమా ఆవిడ వేసింది. బంట్రోతు వేశాడు. స్కాను బల్ల మీద పడుకుని ఆవిడ ఏం లెక్కేసుకుందో నాకప్పుడు అర్థమైంది, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"వీలునామా మీద సంతకం ఎట్ల జరిగిందో చెప్పుండ్రి సార్."

"మనవి చేస్తానండీ. అది శ్రావణమాసం. ఆ కుటుంబంతో మాకు మా నాన్నగారి కాలం నుంచి..." గుటక. "కాలం నుంచి స్నేహం. వారు నన్ను..." మళ్లీ గుటక. నోట్లో ఊరేది ఊరుతూనే ఉంది. వకీలమ్మ ఏం తొందరపడలేదు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా చెక్కని బుగ్గలో అటు నుంచి ఇటు తిప్పి, ఒకసారి జుర్రింది. ఆయన జేబురుమాలు తీసి పెదాలు తుడుచుకున్నాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇంకో చెక్క నొక్కింది. పెద్దాయన మాటల ప్రవాహమంతా నోట్లోనే నిలిచిపోయింది.

అప్పుడు ఆవిడ అంది, అందరికీ వినపడేట్టు, నెమ్మదిగా:

"ముందు నోట్ల ఉన్నది మింగుండ్రి సార్. తర్వాత మాట్లాడుదురు."

ఈసారి హాలు నవ్వింది ఆయన్ని చూసి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఎన్నేళ్లుగానో ఆయన్ని కాపాడుకొచ్చింది ఆ పొడుగు మాటలే. ఇప్పుడు ఒక్క ముక్కలో చెప్పి బయటపడితే చాలనిపించినట్టుంది.

"ఎక్కడ కూసోని సంతకం పెట్టిండు?"

"వాళ్లింట్ల."

"ఇంట్ల ఎక్కడ?"

గుటక. "వరండాల. కుర్చీల కూసోని."

"వరండాలనేనా?"

"వరండాలనే అని చెప్తున్న కదా!"

వకీలమ్మ చెక్కని బుగ్గలోంచి తీసి డబ్బాలో పెట్టి మూత వేసింది. జహనుమా ఇంటికి వరండా లేదు. గుమ్మం దాటితే గల్లీ, గల్లీ దాటితే ఎదురింటి గుమ్మం. మున్సిపాలిటీ వాళ్ల ప్లాను కోర్టులో అప్పటికే దాఖలై ఉంది. పెద్ద వకీలు ఆ ఇంట్లో ఎన్నడూ అడుగు పెట్టలేదు.

జడ్జిగారు టైపిస్టుకి ఇంకో ముక్క చెప్పారు, సాక్షి ఈ ప్రశ్నల దగ్గర తడబడుతూ పదేపదే గుటకలు మింగుతున్నాడని. పెద్దాయన బోను చెక్క పట్టుకుని అరిచాడు. "అది నిమ్మకాయ వల్ల సార్!"

"అభ్యంతరం లేదని మీరే అన్నారు కదండీ," అన్నారు జడ్జిగారు.

ఇల్లు జహనుమా ఆవిడకే నిలిచింది. తీర్పు తర్వాతెప్పుడో వచ్చింది గానీ, అది వస్తుందని ఆ రోజే అందరికీ తెలిసిపోయింది. సాయంత్రం గేటు బయట సోడా బండి దగ్గర ముగ్గురం నిలబడ్డాం. వకీలమ్మ భుజాలు ఊగిపోయేట్టు నవ్వింది. ఎవరో కుర్ర వకీలు దగ్గరికొచ్చి, పెద్దాయన మీద అట్లా చేయడం మర్యాదేనా అన్నాడు.

"నేనేం చేసిన? నిమ్మకాయ తిన్న. పులుపు తగిలించమని డాక్టరే చెప్పిండు," అంది ఆవిడ. తర్వాత నాతో, "గుండెల గుక్క దిగింది బిడ్డా," అంది. సోడా తాగుతుంటే ఆవిడ కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆ శరీరంలో ఇంకా అన్ని నీళ్లున్నాయని ఆ రోజే చూశాను.

ఆ తర్వాత ఫైళ్లు ఒక్కొక్కటే ఆవిడ బల్ల మీదికి తిరిగొచ్చాయి. వకీళ్లలో ఆవిడకి 'నిమ్మచెక్క' అని పేరు పడింది. ఆ పేరు ఆవిడకి మస్తు ఇష్టం. కొన్నేళ్లు అట్లా బాగా నడిచాయి. ఈసారి జబ్బు ఊపిరితిత్తుల్లో వచ్చింది, మా కెమెరాలకి దొరికేసరికే ఆలస్యమైంది. ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు పెద్ద వకీలు పరామర్శకి పూలు పంపాడని చెప్పింది. ఏం చేశావని అడిగితే, "నర్సు జడల పెట్టిన, మంచిగున్నయ్," అంది. మాఫ్ చేశావా అని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

శుక్రవారం వకీళ్ల హాలు నిండిపోయింది. ఆవిడని చూసి నవ్విన హాలు అదే. ఆవిడ ఫోటోకి దండ వేశారు, ఫోటోలో కూడా ఎడమ బుగ్గ కాస్త ఉబ్బెత్తుగానే ఉంది. జహనుమా ఆవిడా నేనూ మొదటి వరుసలో, మైకుకి ఎదురుగా కూర్చున్నాం. పెద్ద వకీలు కర్ర సాయంతో లేచాడు. ముసలివాడయ్యాడు. నాకు జాలి కలుగుతుందేమోనని ఒక్క క్షణం భయపడ్డాను. ఆయన నోరు తెరవగానే ఆ భయం పోయింది.

"ఆమె నాకు జూనియర్ కాదు. నా కన్నబిడ్డ. జబ్బు పడ్డప్పుడు ఆమెకి మొట్టమొదట నీళ్లందించిన చెయ్యి ఇది..."

నేను హ్యాండ్‌బ్యాగులోంచి స్టీలు డబ్బా తీశాను. పొద్దున్నే స్కానింగు గదిలో కోసి తెచ్చుకున్నాను. మూత తీసేసరికి వాసన ముందు వరుసంతా కమ్ముకుంది. ఒక చెక్క జహనుమా ఆవిడకి ఇచ్చాను, ఒకటి నేను తీసుకున్నాను. ఆయన వైపే చూస్తూ ఎడమ బుగ్గలో పెట్టుకుని, ఇద్దరం ఒకేసారి జుర్రాం.

పెద్ద వకీలు ఆగాడు. గుటక వేశాడు. నా పక్కనున్న జహనుమా ఆవిడని గుర్తుపట్టాడు. మళ్లీ మొదలుపెట్టబోయి మళ్లీ గుటక వేశాడు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జేబులో రుమాలు వెతుక్కుంటూ, "ఆమె ఆత్మకి..." అన్నాడు. మిగతాది మింగేశాడు. మైకు పక్కవాడికి ఇచ్చేశాడు.

పక్కవాడు అందరినీ లేచి మౌనం పాటించమన్నాడు. లేచి తలలు వంచాం. ఫ్యాన్లు కూడా ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో నేను బుగ్గలోని చెక్కని మెల్లగా ఇటు నుంచి అటు తిప్పాను. వేదిక మీది గుటక హాలంతటికీ వినిపించింది.